చెరువు నిండా నీళ్లు, చేపకు మాత్రం ఊపిరి లేదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో సగానికి పైగా ఊపిరి చుట్టూనే తిరిగాయి. అందుకని ఈసారికి షుగరు, మోకాళ్ల నొప్పుల ప్రశ్నలు పక్కన పెట్టి వీటినే తీసుకున్నా. కొన్నింటికి నాలుగు ముక్కల్లో సరిపెట్టేశా, మొదటి ప్రశ్న దగ్గర మాత్రం చాలాసేపు కూర్చుండిపోయా, ఏమనుకోకండి.

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లె. ఆరెకరాల చెరువులో బొచ్చె, శీలావతి వేశాం. మొన్న రెండు రోజులు వరసగా మబ్బు పట్టింది. మూడో రోజు తెల్లారేసరికి చేపలన్నీ నోళ్లు తెరుచుకుని పైకొచ్చేశాయి, పెద్దవి చాలా చచ్చిపోయాయి. రాత్రి ఎవరో మందు కలిపారని మా బావమరిది అంటున్నాడు. ఆక్సిజన్ పడిపోయిందని మేత కంపెనీ కుర్రాడు అంటున్నాడు. ఆరెకరాల నీళ్లలో ఆక్సిజన్ ఎలా అయిపోతుందండీ?

జవాబు: ముందు మీ బావమరిదిగారిని పోలీస్ స్టేషన్ మెట్లెక్కకుండా ఆపండి. మీరు రాసిన మూడు సంగతులు, అంటే మబ్బు, తెల్లవారుజాము, పెద్ద చేపలు ముందు పోవడం, ఈ మూడూ ఆక్సిజన్ పడిపోయినప్పుడు కనిపించేవే. విషం కలిస్తే మామూలుగా పిల్ల చేపలు ముందు పోతాయి, పైగా విషానికి తెల్లవారుజామే ముహూర్తం కాదు కదా.

ఇక నీళ్లున్నాయి కదా అనే మాట. చాలామంది మనసులో ఉండేది ఏమిటంటే, నీళ్లంటేనే హెచ్‌టూఓ, అందులో ఓ ఉంది, చేప దాన్ని పీల్చుకుంటుంది అని. కాదండీ. ఆ ఆక్సిజన్ హైడ్రోజన్‌తో కట్టుబడి ఉంటుంది, చేప దాన్ని విడదీయలేదు. చేపకు పనికొచ్చేది గాలి నుంచో, నాచు నుంచో వచ్చి నీళ్లలో విడిగా కరిగి ఉన్న ఆక్సిజన్ ఒక్కటే. మీరంతా డీఓ అనేది దాన్నే. అదెంత ఉంటుందో చూడండి. 30 డిగ్రీల వేడిలో ఒక లీటరు మంచినీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగేది 7.5 మిల్లీగ్రాములు. అదే ఒక లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే మనం కోటీశ్వరుల్లా పీలుస్తుంటే చేప దినకూలీ మీద బతుకుతోందన్నమాట. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ కూలీ ఇంకా తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 14.6 ఉండేది 30కి వచ్చేసరికి సగమైపోయింది. ఉప్పు నీళ్లయితే ఇంకాస్త తక్కువ, రొయ్యల రైతులకు ఈ సంగతి బాగా తెలుసు.

ఇప్పుడు మీ చెరువు జమాఖర్చు. నీళ్లు పచ్చగా కనిపిస్తాయే, ఆ సన్నటి నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. మధ్యాహ్నం మూడింటికి మీటరు ముంచితే 10, 12 కూడా చూపిస్తుంది, రైతు గుండె నిబ్బరంగా ఉంటుంది. పొద్దు గుంకగానే జమ ఆగిపోతుంది, ఖర్చు ఆగదు. చేపలు పీలుస్తాయి, ఆ నాచే పీలుస్తుంది, అడుగున మిగిలిన మేతను, పెంటను కుళ్లబెట్టే బ్యాక్టీరియా కూడా పీలుస్తుంది. రాత్రంతా తరుగుతూ తరుగుతూ సూర్యుడు రాబోయే ముందు అట్టడుక్కి చేరుతుంది. మబ్బు పడితే పగటి జమ కూడా సగమే. రెండు రోజులు వరసగా మబ్బంటే రెండు రోజులు అప్పు మీద నడిపినట్టు, మూడో తెల్లవారుజామున అప్పులవాడు వచ్చాడు. బాగా పచ్చబడ్డ చెరువులకే ఈ ప్రమాదం ఎక్కువ, పగలు ఎంత ఇస్తుందో రాత్రి అంత లాగేస్తుంది.

కొన్నేళ్ల కిందట కైకలూరు వైపు మా బంధువుల చెరువు గట్టు మీద తెల్లవారుజామున నాలుగింటికి నిలబడ్డాను. గాలి లేదు, ఆకు కదలట్లేదు. చప్ చప్ చప్ అని ఒకటే చప్పుడు, ఎవరో తడి చేతులతో చప్పట్లు కొడుతున్నట్టు. టార్చి వేస్తే నీళ్ల మీద చిన్న చిన్న వలయాలు, ఒక్కో వలయం మధ్యలో ఒక గుండ్రటి నోరు. డీఓ 1.8 చూపించింది. ఐదు దాకా ఉంటే ఆ చేపలకు హాయి, రెండు కిందికి పోతే ఇక గంటల లెక్కే. కరెంటు పోయి జనరేటరు స్టార్ట్ కాక, మనిషికో బకెట్ పట్టుకుని గట్టు మీది నుంచి నీళ్లు తోడి ఎత్తి పోశాం, పిచ్చిపనే అనుకోండి, ఆ క్షణంలో చేతులు ఊరుకోవు. పదిహేను నిమిషాలకు జనరేటరు అందుకుంది. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్ చక్రాలు తిరగడం మొదలయ్యాక చేపలన్నీ ఆ నురగ దగ్గరికి ఎలా తోసుకొచ్చాయో చెప్పలేను, పండక్కి బస్టాండులో జనంలాగా. పైపొరలో గాలి తగిలే నీటిలో కాస్త ఎక్కువ ఆక్సిజన్ ఉంటుంది, అందుకే అవి నోరు పైకి పెట్టి ఆ పొరను తాగుతున్నాయి. మనకు కనిపించేది తేలడం, అవి చేసేది ఊపిరి పీల్చుకోవడం.

చేయాల్సింది మీకు తెలియంది కాదు, అయినా రాస్తున్నా. మబ్బు రోజున మేత సగానికి తగ్గించండి, కుదిరితే మానేయండి, తిన్న చేప ఎక్కువ ఆక్సిజన్ లాగుతుంది. ఏరేటర్లు అర్ధరాత్రి నుంచి ఎండ పడేదాకా తిప్పండి. కరెంటు బిల్లు చూసుకుని నాలుగింటికి ఆపేసేవాళ్లు కొందరున్నారు, సరిగ్గా అవసరమైన వేళకు ఆపడం అది. చెరువులోకి మంచి నీళ్లు తోడే వీలుంటే తోడండి. ఆక్సిజన్ టాబ్లెట్లు ఆ పూటకు గండం గడిపిస్తాయి, అంతకు మించి వాటి మీద ఆధారపడొద్దు.

ప్రశ్న: మాస్టారూ, బజార్లో కొన్న బొచ్చె చేప నీళ్లలోంచి తీసిన కాసేపటికే చచ్చిపోతుంది, కొర్రమీను మాత్రం తడి సంచిలో వేసుకుని ఆటోలో ఇంటికొచ్చాక కూడా ఎగురుతుంది. గాలిలో అంత ఆక్సిజన్ ఉంటే బొచ్చె ఎందుకు చస్తుంది? (వరంగల్ నుంచి ఒక గృహిణి)

జవాబు: మంచి ప్రశ్నమ్మా, పై జవాబుకి తోకలాంటిది. మొప్పలంటే సన్నటి రేకుల కట్టలు. నీళ్లలో ఒక్కో రేకూ విడివిడిగా తేలుతుంది, గాలిలోకి రాగానే తడిసిన జుట్టులా అన్నీ అతుక్కుపోతాయి. చుట్టూ ముప్పై ఆరింతల ఆక్సిజన్ ఉన్నా అది లోపలికి పోయే దారి మూసుకుపోయింది. కొర్రమీనుకి మొప్పలతో పాటు తలలో, మొప్పల పైన, గాలి పట్టుకునే అర ఒకటి ఉంది, అప్పుడప్పుడూ పైకొచ్చి గుటక వేసి పోతుంది. తమాషా ఏమిటంటే దాన్ని పైకి రానివ్వకుండా నీళ్లలోనే వలతో నొక్కి ఉంచితే అది మునిగి చస్తుంది. చేప నీళ్లలో మునిగి చావడం! ఎండాకాలం కుంటల్లో బురదే మిగిలినా బతికే ఆ గట్టితనం వల్లనేమో, మన తెలంగాణ రాష్ట్ర చేపగా దాన్ని పెట్టడం నాకు సబబే అనిపిస్తుంది.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. ఆక్సిజన్ లోపలికి వెళ్లి ఏం చేస్తుంది? 'శక్తి విడుదలవుతుంది' అని పుస్తకంలో ఉంది. ఎలా అని అడిగితే పరీక్షకి అది చాలన్నారు. (ఖమ్మం)

జవాబు: పరీక్షకి చాలు బాబూ, నీకు చాలలేదు చూడు, అది బాగుంది. పొద్దున తిన్న అన్నం గ్లూకోజై నీ కణాల్లోకి చేరుతుంది. అక్కడ దాన్ని ముక్కలు చేసి అందులోని ఎలక్ట్రాన్లను ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందిస్తుంటారు, ఇటుకలు అందించే కూలీల వరస చూశావుగా, అలాగ. ఒక్కో చేయి మారినప్పుడల్లా కొంచెం శక్తి దక్కుతుంది, దానితో ఏటీపీ అనే, కణం ఖర్చుపెట్టుకునే శక్తి సరుకు తయారవుతుంది, నీ కండరం కదిలేది, మెదడు ఆలోచించేది ఆ ఏటీపీ ఖర్చుపెట్టే. వరస చివర నిలబడి ఆఖరి ఎలక్ట్రాన్‌ని అందుకునేవాడే ఆక్సిజన్. అందుకుని, హైడ్రోజన్‌తో కలిసి నీళ్లయిపోతాడు. వాడు రాలేదనుకో, చివరివాడి చేతిలో ఇటుక అలాగే ఉండిపోతుంది, వెనకవాడు ఇవ్వలేడు, ఆ వెనకవాడూ ఇవ్వలేడు, వరస మొత్తం బిగుసుకుపోతుంది. సయనైడ్ చేసేది కూడా ఇదే, ఆక్సిజన్ వచ్చి నిలబడినా అందుకోనివ్వదు.

ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజు నుంచి దాదాపు 30 ఏటీపీలు, లేకపోతే రెండే రెండు. వంద మీటర్ల పరుగులో కండరం ఆ రెండింటితో కాసేపు నెట్టుకొస్తుంది. మెదడు అలా నెట్టుకురాలేదు. శరీరం బరువులో రెండు శాతమే ఉండి, కూర్చున్నచోట మొత్తం ఆక్సిజన్‌లో ఐదోవంతు తినేస్తుంది. తిండిని మనం కొవ్వుగా దాచుకుని వారాలు బతుకుతాం, ఆక్సిజన్‌కి మాత్రం మన ఒంట్లో గాదె లేదు, నాలుగైదు నిమిషాలు అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. గాదె కట్టుకున్నవి వేరే ఉన్నాయి. క్యూవియర్ బీక్డ్ వేల్ అనే తిమింగలం ఒకటి ఒక్క ఊపిరితో 3 గంటల 42 నిమిషాలు నీటి కింద ఉండటం శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. దాని కండరాల్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ అంత దట్టంగా ఉంటుంది, మాంసం నల్లగా కనిపిస్తుంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం, నీరసం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7 అన్నారు. కానీ కరోనా అప్పుడు కొన్న ఆక్సిమీటర్ పెట్టుకుంటే 98 చూపిస్తోంది. ఆక్సిజన్ అంత బాగుంటే ఆయాసం ఎందుకండీ? (అనంతపురం)

జవాబు: అమ్మా, ఆ మిషను అబద్ధం చెప్పట్లేదు, మీరు అడిగిన ప్రశ్నకు కాక వేరే ప్రశ్నకు జవాబు చెబుతోంది. హిమోగ్లోబిన్‌ని ఆర్టీసీ బస్సులనుకోండి, ఆక్సిజన్ ప్రయాణికులు. ఉన్న బస్సుల్లో సీట్లు ఎంత శాతం నిండాయో ఆక్సిమీటర్ చెబుతుంది. డిపోలో బస్సులెన్నున్నాయో దానికి తెలియదు. మీ డిపోలో సగం బస్సులే ఉన్నాయి, ఉన్నవి కిక్కిరిసి పోతున్నాయి, అందుకే 98. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 13 గ్రాములున్నవాళ్లకు ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 17 మిల్లీలీటర్ల దాకా వెళ్తుంటే మీకు తొమ్మిది చిల్లర వెళ్తోంది. ఆ లోటు పూడ్చడానికి గుండె ట్రిప్పులు పెంచుతోంది, మెట్లెక్కితే దడ అందుకే. ఆడవాళ్లకు 12 కంటే తక్కువంటేనే రక్తహీనత, 7 అంటే బీట్‌రూట్ జ్యూస్‌తో సరిపెట్టుకునే సంగతి కాదు. రక్తం ఎక్కడ పోతోందో, నెలసరిలోనా, కడుపులోనా, డాక్టరు తేల్చాలి. ఐరన్ మాత్ర టీ, కాఫీలతో వేసుకోకండి, ఒంటికి పట్టదు.

ఈ మిషను ఇంకోచోట కూడా బోల్తా పడుతుంది, ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తా. బాత్రూంలో గ్యాస్ గీజరు పెట్టి, కిటికీ మూసి స్నానం చేసేవాళ్లున్నారు. గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, రంగూ వాసనా ఉండదు. అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్ సీట్లో కూర్చుంటుంది, ఇక లేవదు. ఆక్సిమీటర్ ఆ దొంగ ప్రయాణికుడిని కూడా లెక్కేసుకుని బ్రహ్మాండంగా 99 చూపిస్తుంది, మనిషి మాత్రం కింద పడిపోయి ఉంటాడు. గీజరు బయట పెట్టించండి, బాత్రూంకి వెంటిలేటరు మూయకండి.

ప్రశ్న: మా ఊళ్లో పాత బావి పూడిక తీయడానికి ఒకాయన దిగి పడిపోయాడు, కాపాడతానని దిగిన తమ్ముడూ పోయాడు. కనీసం అరిచి ఉంటే పైవాళ్లు తాడు వేసేవాళ్లు కదా? దీపం దించి చూస్తే చాలా? (ప్రకాశం జిల్లా)

జవాబు: చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. అరవలేకపోవడానికి కారణం ఉంది. మనం ఊపిరి బిగబట్టినప్పుడు గుండెల్లో పుట్టే ఆ తహతహ ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. ఆక్సిజన్ మాత్రమే లేని గాలిలో ఊపిరి మామూలుగానే ఆడుతున్నట్టుంటుంది, కాస్త తల తేలిపోతుంది, అంతే, మోకాళ్లు మడుచుకుపోతాయి. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ 10 కంటే బాగా కిందికి పోతే రెండు మూడు ఊపిరులకే స్పృహ తప్పొచ్చు. కార్బన్ డయాక్సైడ్ పేరుకున్న బావిలో ఎగశ్వాస వస్తుంది గానీ, అది మరీ ఎక్కువుంటే అదీ అంత వేగంగానే పడేస్తుంది. ఈ గాలి మామూలు గాలికంటే బరువు, బావి అడుగున నీళ్లలా నిలిచి ఉంటుంది, పైన గిలక దగ్గర నిలబడ్డవాడికి ఏమీ తెలియదు.

దీపం సంగతి. ఆక్సిజన్ 16 శాతం దాపుకి వస్తే దీపం ఆరిపోతుంది. కాబట్టి దీపం ఆరితే దిగకూడదన్నది పెద్దలు చెప్పిన నికార్సయిన మాట. తిరగేస్తే మాత్రం తప్పు, దీపం వెలుగుతోంది కాబట్టి దిగొచ్చు అనడానికి లేదు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే దీపం చక్కగా వెలుగుతుంది, మనిషి ఆరిపోతాడు, పైగా అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. మీథేన్ ఉంటే దీపమే ప్రమాదం. సెప్టిక్ ట్యాంకుల్లోకయితే రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడమే నేరం, 2013 చట్టం ఉంది, అయినా దించుతూనే ఉన్నారు. ఒకడు పడిపోతే రెండోవాడు దిగకండి, ఎంత అన్నదమ్ములైనా సరే. పైనుంచి బ్లోయరుతో గాలి కొట్టండి, 101కో 112కో ఫోన్ చేయండి, నడుముకి తాడు లేకుండా ఎవరినీ మొదటిసారి కూడా దించకండి.

ప్రశ్న: చింతచెట్టు కింద రాత్రి పడుకోవద్దని మా నానమ్మ, రావిచెట్టు 24 గంటలూ ఆక్సిజన్ ఇస్తుందని మా ఫ్యామిలీ గ్రూప్. ఎవరిని నమ్మాలి? (డాలస్)

జవాబు: నానమ్మ మాట వినండి, కారణం మాత్రం మార్చుకోండి, పాములూ పురుగులూ ఉంటాయి. రాత్రిపూట చెట్టు వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆరుబయట గాలిలో లెక్కలోకి రానంత, మీ పక్క మంచం మీద గురకపెట్టే మనిషి నుంచి మీకు అంతకంటే ఎక్కువే వస్తుంది. ఇక గ్రూప్ సంగతి. చెట్టు ఆక్సిజన్ వదలడమంటే వెలుతురు బలంతో నీటిని విడగొట్టడం. వెలుతురు లేకపోతే ఆ పని లేదు, రావి అయినా, తులసి అయినా, బెడ్రూంలో పెట్టుకునే స్నేక్ ప్లాంట్ అయినా. ఆ చివరిదీ, కలబందా రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుని దాచుకుంటాయి, నిజమే, ఆక్సిజన్ వదిలేది మాత్రం తెల్లారాకే. అన్నట్టు భూమ్మీద కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగం సముద్రంలో కంటికి కనిపించని ప్లాంక్టన్ చేస్తోంది, వాటి ఫొటో పెట్టి గుడ్ మార్నింగ్ చెప్పేవాళ్లు ఎవరూ లేరు పాపం.

ప్రశ్న: వరి నీళ్లలోనే పెరుగుతుంది, పత్తి చేలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే చచ్చిపోతుంది. ఎందుకని? (ఆదిలాబాద్)

జవాబు: వేరు కూడా ఊపిరి పీలుస్తుందండీ. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిండితే ఆక్సిజన్ వేరుదాకా నడిచే వేగం పది వేల రెట్లు పడిపోతుంది. వేరు చచ్చుబడి, చుట్టూ నీళ్లున్నా తోడలేక, మొక్క ఎండకు వాడినట్టే వాడిపోతుంది. వరి కాండాన్ని అడ్డంగా కోసి చూడండి, లోపల ఖాళీ గొట్టాలుంటాయి, ఆకుల దగ్గర్నుంచి వేరు కొనదాకా గాలి పైపులైను అది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో చెట్లయితే వేళ్లనే బురదలోంచి పైకి మేకుల్లా నిలబెట్టి గాలి పీలుస్తాయి. పత్తికి రెండూ లేవు, కాలవ తీసి నీళ్లు పంపేయడమే దారి.

ప్రశ్న: అసలు ఆక్సిజన్ అక్కర్లేని ప్రాణి ఉందా? (విజయనగరం)

జవాబు: బోలెడు. భూమి వయసు 450 కోట్ల ఏళ్లు దాటితే, గాలిలోకి ఆక్సిజన్ చెప్పుకోదగ్గంత వచ్చింది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. అంతకుముందు ఉన్నవన్నీ అది లేకుండా బతికినవే, చాలావాటికి అది విషం. వాటి వారసులు ఇంకా మీ పెరట్లోనే ఉండొచ్చు, గోబర్ గ్యాస్ ప్లాంటులో పేడనుంచి మీథేన్ చేసే సూక్ష్మజీవులు గాలి తగిలితే చస్తాయి, అందుకే డోము చుట్టూ అంత బందోబస్తు. ధనుర్వాతం క్రిమికి కూడా లోతైన, గాలాడని గాయమే ఇష్టం. జంతువుల్లో అలాంటిది లేదనుకునేవాళ్లం గానీ, 2020లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు సాల్మన్ చేప కండలో బతికే హెనెగ్యూయా అనే పది కణాలైనా లేని పరాన్నజీవిని చూసి, ఊపిరికి కావాల్సిన మైటోకాండ్రియా జన్యువులే దానికి లేవని తేల్చారు. వాడుక లేని కరెంటు మీటరు పీకేసినట్టు పీకేసుకుంది.

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకి గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్ కొన్నాం. పొద్దున్నే పైకొచ్చి నోరు ఆడిస్తోంది. ఆకలా? (విశాఖ)

జవాబు: ఆకలి కాదు, ఆకివీడు చెరువు కథే, గిన్నె సైజులో. మేత ఎక్కువ వేయకండి. నీళ్లు గిన్నె మెడ దాకా పోసి ఉంటారు, చూడ్డానికి బాగుంటుందని. మెడ దగ్గర వెడల్పు తక్కువ కాబట్టి గాలి తగిలేదీ తక్కువే. కొన్ని నీళ్లు తీసేసి గిన్నె కడుపు దగ్గర, బాగా వెడల్పున్నచోట ఆపండి. ఈ వారంలోనే ఒక పెద్ద తొట్టి, రెండు మూడొందలకు దొరికే చిన్న గాలి పంపు కొనండి, పాపకి ఆ బుడగలు కూడా నచ్చుతాయి.